రంగు తగలకూడని చోటు

సోమవారం, 4

కోడలి ముద్ర లాక్కున్నారు.

పొద్దున మెడలో తాడుతో వెళ్లింది, సాయంత్రం బోసి మెడతో వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆ రబ్బరు ముద్ర ఆమె ఒంటిమీద నగలాగే ఉంది. విమానంలో రేడియోల్లాంటి యంత్రాలుండే రేకు పెట్టెలు బిగించడం, మీటరు పెట్టి కొలవడం, వచ్చిన అంకె కార్డు మీద రాయడం, పక్కన ముద్ర కొట్టడం ఆమె పని. ఆ ముద్ర పడితేనే పెట్టె విమానంతో పాటు పైకి లేస్తుంది.

"ఏమైందమ్మాయ్?" అన్నాను.

"ఏం లేదత్తయ్యా. విచారణ అయ్యేదాకా వాళ్ల దగ్గరే ఉంచుకుంటారట," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. పంపు చాలాసేపు పారుతూనే ఉంది. నీళ్లు వృథా అని అనబోయి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం అరుదు.

అసలు సంగతి కొడుకు చెప్పాడు. వాడు సిటీ బస్సు నడుపుతాడు, ఏ సంగతైనా స్టాపు స్టాపుకీ ఆపి చెబుతాడు. ఒక విమానం గాల్లో ఉండగా పైలటు రేడియోలో మాట్లాడబోతే చెవుల్లో గరగరమందట. ఎదురుగా ఉన్న మీటరులో ముల్లు ఒకటి వణికిందట. దింపి విప్పి చూస్తే ఒక పెట్టె విమానం ఒంటితో సరిగ్గా కలవలేదట. కార్డు మీద మాత్రం బాగుందని అంకె, పక్కన మన కోడలి ముద్ర. కొలవకుండానే అంకె వేసిందని అనుమానం.

"అలాగని తేలితే?" అన్నాను.

"ముద్ర మళ్లీ ఇవ్వరు. ముద్ర లేకపోతే ఆ షెడ్డులో దానికి పనే లేదు."

కోడలు కొలవకుండా రాసే మనిషి కాదు. కూరలో ఉప్పు కూడా చెంచాతో గీటు గీసి వేస్తుంది.

ఎవరితో చెప్పుకున్నా "నీదెప్పుడూ ఇంతే" అంటారని ఈ నోటు పుస్తకం తీశాను. నా చదువు ఐదో తరగతి. అయినా నేను తప్ప చదివేవాళ్లు లేరు కనక ఫరవాలేదు.

మంగళవారం, 5

నేనూ ఆ ఆవరణలోనే పనిచేస్తాను, రంగుల గదిలో. ఐదు నెలల కిందట కోడలే చేర్పించింది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఆలోచనలు నన్ను తినేస్తాయని ఆమె పైకి చెప్పిన మాట. తనను నేను తినేస్తున్నానని పైకి చెప్పని మాట.

నా పని బిళ్లలు అంటించడం. పెట్టెకు రంగు కొట్టకముందు, బొమ్మలో చూపించినచోటల్లా బొత్తామంత గుండ్రటి అంటుకాగితం బిళ్ల వేయాలి. రంగు ఆరాక బిళ్ల ఊడదీస్తే కింద రేకు వెండిలా మెరుస్తుంది. దాన్ని మా గదిలో బోడి మచ్చ అంటారు. మందుల కంపెనీలో ముప్ఫై ఏళ్లు అట్టపెట్టెలు అంటించిన చేతులివి, బిళ్ల పక్కకు జరిగిందన్న మాట ఇంతవరకూ పడలేదు.

ఆ మచ్చ ఎందుకు వదిలేస్తారో ఐదు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. తలుపు గడియ నుంచి పక్కింటి కుక్క దగ్గు దాకా అన్నీ ఆరా తీసే నేను దీన్ని మాత్రం అడగలేదు. కింద రబ్బరు కాలు ఏదో అంటిస్తారు కాబోలు అనుకున్నాను.

మా బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చునే ఆవిడను అందరూ రేడియో అంటారు. ఏ వార్తయినా ఆమె దగ్గర పుట్టి మిగతాచోట్లకు వెళుతుంది. ఇవాళ భోజనాల వేళ చెప్పింది.

"పెట్టె విప్పితే బోడి మచ్చ మీద రంగు ఉందట వదినా. స్ప్రే కొట్టింది కాదట. ఎవరో కుంచెతో పూశారట."

అన్నం సగంలోనే డబ్బా మూత పెట్టేశాను. కోడలి మీద దిగులు, అంతే.

బుధవారం, 6

నిద్రలేదు. కోడలి గురించే.

గురువారం, 7

ఇవాళ అడిగేశాను. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, ఏదో మాటవరసకి అన్నట్టు, "అమ్మాయ్, ఆ బోడి మచ్చ ఎందుకసలు?" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. తర్వాత గుడ్డ పక్కన పెట్టి బల్ల దగ్గర కూర్చుంది.

"ఇంట్లో ఫ్రిజ్జుకు మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది కదా. పైనున్న లావు పిన్ను ఎందుకు?"

"ఎర్తుకి. షాక్ కొడితే భూమిలోకి పోవడానికి."

"విమానంలో పెట్టెలకీ అలాంటిదే."

నాకు ఒక్కసారిగా సందేహం వచ్చింది. "విమానం భూమిని వదిలేసి పోయింది కదా. అక్కడ ఎర్తేమిటి? దారం కడతారా?"

ఆమె నవ్వింది. ముద్ర పోయాక మొదటిసారి. "నన్ను పరీక్షలో ఇదే అడిగారు. దారం అనలేదు గానీ."

"నువ్వేం చెప్పావు?"

"గాల్లో విమానం ఒళ్లే దానికి నేల. లోపలున్న ప్రతి రేకు పెట్టె ఆ ఒంటిని పట్టుకుని ఉండాలి. రేకుకి రేకు, మధ్యలో ఏమీ ఉండకూడదు. అప్పుడు లోపల తీగ తెగి పెట్టెకు తగిలినా, బయట పిడుగు కొట్టినా, ఆ కరెంటుకి దారి దొరుకుతుంది. రేడియో గరగర కూడా ఉండదు."

"పట్టుకోకపోతే?"

"పెట్టె వేరుపడిపోతుంది. దానిమీద కరెంటు పోగవుతుంది. పోగైంది ఎప్పుడో పక్కదానిమీదికి దూకుతుంది."

"దూకితే?"

"నిప్పురవ్వ."

విమానంలో ఎన్ని పెట్టెలుంటాయి, రెక్కల్లో నూనె ఎంత ఉంటుంది, అన్నీ అడిగాను. విసుక్కోకుండా చెప్పింది. పెట్టెను ఒంటికి కలపడానికి సన్నటి లోహపు తీగలతో అల్లిన పట్టీ ఒకటి ఉంటుందట, దాన్ని జడ అంటారట. జడ కొసకు చిల్లున్న చెవి. ఆ చెవిని బోడి మచ్చ మీద ఆనించి స్క్రూ బిగిస్తారు. తర్వాత మీటరు సూదులు రెండు, ఒకటి పెట్టె మీద, ఒకటి విమానం ఒంటి మీద. రెండున్నర మిల్లీ ఓమ్‌లు దాటితే విప్పి మళ్లీ చేయాలి. కరెంటు దారిలో ఎంత అడ్డముందో చెప్పే లెక్కట అది. అంత చిన్న అడ్డును కూడా ఒప్పుకోరట.

"మరి సన్నటి రంగు పొర ఉంటే?"

ఆమె లేచి వెళ్లి టార్చిలైటు విప్పుకొచ్చింది. బల్బు, సెల్లు, రెండు తీగముక్కలు. బిస్కట్ల డబ్బా మూత తెచ్చి ఒక తీగ లోపలి వైపు ఆనించింది, ఇంకొకటీ లోపలి వైపే. బల్బు వెలిగింది. తర్వాత రెండో తీగను మూత పైన, రంగుల బొమ్మ మీద పెట్టింది.

"నొక్కి పెట్టు," అన్నాను.

నొక్కింది.

"ఇంకా నొక్కు."

"ఎంత నొక్కినా అంతే అత్తయ్యా. గోటితో గీరితే పోయే రంగే. కానీ కరెంటుకి అది గోడ."

నేను గోటితో గీరాను. గీరినచోట తీగ పెట్టగానే వెలిగింది. పక్కకు జరిపితే ఆరింది. వెలిగింది, ఆరింది. నా గోరు కింద ఎర్రటి పొడి. ఇంత వయసొచ్చి ఇలాంటిది ఒక్కటీ నా చేతులతో చేసి చూడలేదు. ఆ క్షణం భలే సంతోషమేసింది, ఆ మాట కూడా రాయాలి. తర్వాత గుర్తొచ్చింది ఎందుకు అడిగానో.

"మచ్చ మీద రంగు ఉంటే నీ మీటరు పట్టుకోవాలి కదా మరి?" అన్నాను.

"అదే నాకూ అంతుపట్టట్లేదు. ఆ పెట్టెను నేను కొలిచాను. ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది. నా కళ్లతో చూశాను అత్తయ్యా."

శుక్రవారం, 8

వెలగలేదు. బొమ్మ మీద పెడితే వెలగలేదు.

శనివారం, 9

రెండు పెట్టెలకే. ఎప్పుడో ఒకసారి. రెండే రెండు.

బిళ్ల తీసేటప్పుడు ఒక్కోసారి అంచున రంగు చిరుగుతుంది. పెయింటు మేస్త్రీ దాన్ని చూస్తే, "ఏంటి పెద్దమ్మా, ఎలుక కొరికిందా?" అని అందరి ముందూ అంటాడు. అందుకని ఒకసారి చిన్న కుంచెతో అంచు సరిచేశాను. కుంచె లోపలికి పాకింది. సగం రంగు, సగం మెరుపు అసహ్యంగా ఉందని మచ్చంతా నింపేశాను. నున్నగా వచ్చింది. మేస్త్రీ చూసి, "ఇది పని అంటే," అన్నాడు. తప్పు చేస్తున్నానని అనుకోలేదు. ఎవరూ వద్దనలేదు.

ఆ రెండింటిలో ఇదొకటి కావాలనేముంది?

ఆదివారం, 10

నాలుగు.

కొడుకుతో అన్నాను. వాడు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఒరేయ్, ఆ పెట్టె మీద రంగు నేనే వేశానేమో."

"పోయిన నెల వంతెన కూలుతుందేమోనని నన్ను బస్సు వేరే దారిలో తిప్పమన్నావు. అరవై మంది ప్రయాణికులతో."

"ఇది అలాంటిది కాదురా."

"ప్రతిసారీ ఇది అలాంటిది కాదనే అంటావమ్మా. నువ్వు దిగులుపడని రోజు వస్తే చెప్పు, ఆ రోజు మేం దిగులుపడతాం."

నా నోటికి విలువ లేకుండా చేసుకుంది నేనే. అన్నిటికీ ఒకే గొంతుతో అరిస్తే అసలు దానికి గొంతు మిగలదు.

సోమవారం, 11

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇవాళ బల్ల దగ్గర ఎవరూ అడగకుండానే "నా దగ్గర కుంచె లేదు" అన్నాను. రేడియో తినడం ఆపి నావైపు చూసింది.

ఏడు. కూర్చుని ఒక్కొక్క రోజే గుర్తు తెచ్చుకుంటే ఏడు.

మంగళవారం, 12

మేస్త్రీకి చెప్పాను. రంగు పలచన చేసే తిన్నరు డబ్బాలున్న మూలకు పిలిచి మెల్లగా చెప్పాను. ఆయన ముఖంలో రంగులు మారాయి.

"ఎవరితోనైనా అన్నావా?"

"కొడుకుతో అన్నాను. నమ్మలేదు."

"మంచిది. నమ్మనక్కర్లేదు. చూడు పెద్దమ్మా, రంగు ఇక్కడ ఎవరు వేసినా కొలవాల్సింది వాళ్లు. మీటరు ఉన్నది వాళ్ల దగ్గర, మన దగ్గరున్నది కుంచె. నువ్వు నోరు విప్పితే నీ పనీ పోతుంది, నా పనీ పోతుంది. నీ కోడలికి ముద్ర వెనక్కి వస్తుందని రాసిపెట్టి ఉందా?"

ఆ మాటా నిజమే. నేను చెప్పినంత మాత్రాన ఆమెకు ముద్ర ఇస్తారని లేదు. కొలవలేదన్న అనుమానం అలాగే ఉంటుంది. అలాంటప్పుడు చెప్పి లాభమేమిటి.

ఈ పై మాట మళ్లీ చదివాను. బాగానే ఉంది. బాగా ఉన్నందుకే భయమేసింది.

బుధవారం, 13

పదకొండు.

ఇంక పెరగదు. నిన్నటిదాకా లెక్కలో వదిలేసినవి ఏవో నాకు తెలుసు. మేస్త్రీ మెచ్చుకున్న వారం మొత్తం వదిలేశాను.

కోడలు ఇవాళ మీటరు వాడే పుస్తకం ముందేసుకుని, మొదటి పేజీ నుంచి చదువుతోంది, కొత్తగా చేరినవాళ్లలా. తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటోంది. నేను గ్లాసు నీళ్లు పెట్టి వచ్చేశాను.

గురువారం, 14

చెప్పేశాను.

షెడ్డు పక్క గదిలో కూర్చునే ఇన్‌స్పెక్టరు గారిని అందరూ వెనకాల భూతద్దం అంటారు, జేబులో ఎప్పుడూ ఒకటుంటుంది గనక. తలుపు దగ్గర నిలబడితే, "కూర్చోండమ్మా," అన్నారు. కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం.

"పదకొండు పెట్టెలకు బోడి మచ్చల మీద కుంచెతో రంగు పూసింది నేనండి."

ఆయన కలం పక్కన పెట్టారు. "ఎందుకు పూశారు?"

"అంచు చిరిగితే తిడతారండి. నున్నగా ఉంటే బాగుంటుందని."

"పూయకూడదని మీకెవరైనా చెప్పారా?"

"లేదండి. పూయమనీ చెప్పలేదు."

"అది ఎందుకు వదిలేస్తారో చెప్పారా?"

"మా కోడలు చెప్పిందండి. పోయిన గురువారం. బిస్కట్ల డబ్బా మూత మీద."

ఆయన మళ్లీ కలం అందుకున్నారు. తిడతారనుకున్నాను. "ఆ పదకొండు నంబర్లు చెప్పగలరా?" అన్నారు.

"నంబర్లు తెలియవండి. వేలు పెడితే తెలుస్తుంది. స్ప్రే రంగు గుడ్డు పెంకులా ఉంటుంది. కుంచె రంగుకు సన్నటి చాళ్లుంటాయి. నా చాళ్లు నాకు తెలుసు."

రేపు పొద్దున్నే రమ్మన్నారు. కోడలికి నేనింకా చెప్పలేదు. ఇంటికి రాగానే చెప్పాలి అనుకున్నాను. తల నొప్పిగా ఉందని పడుకుంది. రేపు ఎలాగూ తెలుస్తుంది.

శుక్రవారం, 15

చాలా రాయాలి. వేలు నొప్పిగా ఉంది.

విమానాన్ని రంగుల గది కిటికీలోంచి చూడటమే గానీ ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. ఇవాళ దాని పొట్టలోకి ఎక్కించారు. చిన్న నిచ్చెన, పైన మూత తీసిన గుండ్రటి సందు. లోపల కుర్చీలూ కిటికీలూ ఏమీ లేవు. అటూ ఇటూ అరలు, అరల నిండా పెట్టెలు, సామాను గదిలో డబ్బాలు సర్దినట్టు. నేను బిళ్లలు అంటించిన పెట్టెలే, అయినా గుర్తుపట్టలేకపోయాను. ఒక్కొక్కదానికీ వెనకనుంచి చిన్న వెండి జడ. జడలన్నీ పోయి విమానం పక్కటెముకలకు అంటుకున్నాయి. ముట్టుకోవచ్చా అని అడిగాను. "అందుకే కదా తీసుకొచ్చింది," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఒక జడ పట్టుకుని చూశాను. చల్లగా, మెత్తగా, ఇంత భారం మోసేదానిలా లేదు.

దీపం పట్టుకోవడానికి కోడల్ని పిలిపించారు. ఆమె మెట్లెక్కి వచ్చి నన్ను చూసింది.

"అత్తయ్యా, మీరిక్కడేంటి?"

ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. నేను చెప్పాల్సింది ఆయన చెప్పారు, రెండు ముక్కల్లో.  దీపం నా చేతివైపు తిప్పి, "కానివ్వండి," అంది. తిట్టినా బాగుండేది.

మూడు విమానాలు, నలభై పెట్టెలు. జడ చెవి పక్కన కనిపించే కాస్త అంచు మీద బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకుని చూశాను. కాదు. కాదు. కాదు. ఇది నాది. ఆయన సుద్దతో గుర్తు పెట్టేవారు. మధ్యలో ఒకచోట ఆగిపోయాను, ఎంతసేపు తడిమినా తేలలేదు. ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఇది స్ప్రేనే, దుమ్ము పడింది," అన్నారు. మధ్యాహ్నానికి తొమ్మిది దొరికాయి. ఒకటి ముందే విప్పిన ఆ గరగర పెట్టె. ఇంకొకటి గాల్లో ఉంది. ఆయన వెంటనే ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడారు. సాయంత్రం అది దిగేదాకా నా ప్రాణం నాలో లేదు. దిగింది, ఏమీ కాలేదు, విప్పుతున్నారు.

అది దిగాక ఆయన మీటరు తీసి మొదటి పెట్టె మీద సూదులు పెట్టారు. రెండు పాయింట్ ఒకటి. బాగుంది.

"రంగు మీద బాగుందేమిటండి?" అన్నాను. నా ప్రాణానికి ఆ టైములో కూడా కుతూహలమే.

"స్క్రూ పళ్లు," అన్నారు. స్క్రూను పావు తిప్పు వదులు చేశారు. అరవై. మళ్లీ బిగించారు. రెండు. "చెవి కింద రంగు అడ్డముంది. కరెంటంతా స్క్రూ పళ్ల గుండా పోతోంది. కొత్తగా బిగించినప్పుడు సరిపోతుంది. పది రోజులు ఎగిరి అదిరితే వదులవుతుంది."

అంటే కోడలు కొలిచిందీ నిజమే, వచ్చిన అంకె కూడా నిజమే. ఇన్‌స్పెక్టరు గారు ఆమెతో, "మీ మీద అనుమానం తీరినట్టే," అన్నారు. ఆమె దీపాన్ని మిగతా పెట్టెలవైపు తిప్పింది. నేను ఏ దిగులూ లేకుండా ఒక పది నిమిషాలున్నాను. లెక్కపెట్టుకుని రాస్తున్నాను, పది నిమిషాలు.

ఎనిమిది పెట్టెలు అలాగే తేలాయి.

తొమ్మిదోది వేరే రకం. దానికి జడ లేదు, స్క్రూ లేదు. పళ్లెంలాంటి దానిమీద కూర్చోవడమే, అడుగునున్న బోడి మచ్చే దాని కలయిక. బయటికి లాగి నేను అడుగు తడిమితే, నా చాళ్లే. లోపలికి నెట్టి ఆయన సూదులు పెట్టారు. మీటరు ఏమీ చూపించలేదు. తీసి మళ్లీ పెట్టారు. మూత మీద పెట్టిన బల్బులా చచ్చినట్టుంది.

ఆయన కార్డు చూశారు. ఒకటి పాయింట్ ఎనిమిది. ముద్ర.

 కింద ఎవరో సుత్తితో ఏదో కొడుతున్నారు.

ఆయన నావైపు తిరిగారు. "అమ్మా, దీనికి రంగు ఎప్పుడు పూశారు? ఈమె కొలిచి ముద్ర కొట్టాక పూశారా?"

కొలిచిన పెట్టె మళ్లీ రంగుల గదికి రాదని ఆయనకు తెలుసు. అయినా అడిగారు. "అవునండి" అంటే చాలని నాకర్థమైంది. పదకొండు ఒప్పుకున్నదానికి ఇంకొక అబద్ధం ఏమంత బరువు. నోరు తెరిచాను కూడా.

"కొలవలేదు సార్," అంది కోడలు. "ఇదొక్కటి. దాని ముందు నాలుగూ ఒకటి పాయింట్ ఎనిమిదే వచ్చాయి. ఇదీ అంతే ఉంటుందని రాసేశాను."

"ఎందుకు?"

"కారణం ఏమీ లేదు సార్."

కార్డు మీద తేదీ పోయిన నెల పందొమ్మిది. ఆమె చెప్పని కారణం నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం నేను షిఫ్టు దిగి ఇంటికెళ్లి, గ్యాసు వాసన వస్తోందని గేటు దగ్గరికి ఫోను చేసి, ఉన్నపళంగా రమ్మన్నాను. పరుగెత్తుకుంటూ వచ్చింది. గ్యాసు లేదు, ఏమీ లేదు. నా చేతులకంటిన తిన్నరు వాసన. ఆ రోజు అందరం నవ్వుకున్నాం.

"అయ్యా, ఆ రోజు నేనే..." అన్నాను.

"అత్తయ్యా," అంది, గొంతు పెంచకుండానే. "దిగండి. వెనక్కి తిరిగి దిగాలి, మెట్టు చూసుకోండి."

దీపం నా కాళ్ల దగ్గర పట్టుకుంది. దిగాను.

శనివారం, 16

 కొడుకు ఏదో జోకు వేయబోయి ఇద్దరి ముఖాలూ చూసి మానేశాడు.

ఆదివారం, 17

పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే అద్దంలో నావైపు చూసి, "అబద్ధం చెప్పబోయారు కదూ?" అంది.

"చెప్పబోయాను."

"నాకోసమా?"

"నాకోసమే. నువ్వు ఇంట్లో కూర్చుంటే చూడలేక."

దువ్వెన పక్కన పెట్టింది. "ఆ పెట్టెను ఎవరూ విప్పేవాళ్లు కాదు అత్తయ్యా, మీరు చెప్పకపోతే. అలాగే ఎగిరేది." అంతే అంది. అది మెప్పో దెప్పో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

"ఇంక ఫోను చెయ్యను," అన్నాను.

"చెయ్యండి. వాసన వస్తే చెయ్యాలి. ముందు చేతులు కడుక్కుని చూడండి."

మంగళవారం, 19

తీర్పు వచ్చింది. ముద్ర పూర్తిగా పోలేదు. తనంతట తాను ఒప్పుకుంది గనక ఆరు వారాలు ఆపారు. తర్వాత మళ్లీ పరీక్ష రాయాలి. గట్టెక్కితే ఇస్తారు, లేకపోతే లేదు. ఈలోపు ఆమె పని రంగుల గదిలో, మా బల్ల దగ్గర, బిళ్లలు అంటించడం.

నా పని ఉంది. మేస్త్రీ పనీ ఉంది, గట్టిగా అక్షింతలు పడ్డాయట, నాతో ఇంకా మాట్లాడటం లేదు. కొత్తగా చేరేవాళ్లందరికీ మొదటిరోజే బల్బు, సెల్లు, రంగు రేకు పెట్టి చూపించాలని నిర్ణయించారు. బల్ల మీద పెద్ద అక్షరాల కాగితం అంటించారు: మెరిసే మచ్చ మీద ఏ రంగూ పూయరాదు, అంచు చిరిగితే చెప్పవలెను. నేను రెండుసార్లు పైకి చదివాను.

బుధవారం, 20

ఇవాళ్టి నుంచి పక్కపక్కన కూర్చున్నాం.

"చూడవే, అత్త మేస్త్రీ అయింది, కోడలు కూలీ అయింది," అంది రేడియో.

"ఇంట్లోనూ అంతే కదా పిన్నీ," అంది కోడలు, తలెత్తకుండా.

అన్ని మిల్లీలు కొలిచే పిల్లకు బిళ్ల తిన్నగా పడటం లేదు. గోరు తగిలి అంచు లేస్తోంది. గోటితో కాదు, వేలి మెత్తతో నడిమి నుంచి బయటికి నొక్కమన్నాను. "నడిమి నుంచే ఎందుకు?" అంది. "గాలి బయటికి పోవడానికి. లోపల గాలి ఉంటే రంగు దూరుతుంది." ఆమె తల ఊపి, కార్డు అంచున రాసుకుంది. నేను చెప్పింది ఒకరు రాసుకోవడం నాకు ఇదే మొదలు.

కార్డులో ఇప్పుడు కొత్తగా రెండు గడులు పెట్టారు. అంటించినవారు, చూసినవారు. ఆమె అంటించినవి చూసి నేను సంతకం పెట్టాలి. నాకు ముద్ర లేదు, వంకరగా పేరు రాస్తాను. సాయంత్రానికి నలభై రెండు బిళ్లలయ్యాయి. సైరన్ మోగింది. రేడియో సంచి సర్దుకుని వెళ్లిపోయింది. నేను ఒక్కొక్క పెట్టె తిప్పి, ఒక్కొక్క బిళ్ల చుట్టూ వేలు పోనిచ్చి, ఒక్కొక్క సంతకం పెడుతున్నాను. ముప్ఫై ఒకటోదాని అంచు లేచి ఉంది. తీసి మళ్లీ వేయించాను.

"అన్నీ ఒకేలా ఉన్నాయి అత్తయ్యా. ఆ పదకొండూ రేపు చూద్దురుగాని. బస్సు వెళ్లిపోతుంది."

"పోనీ. ఇంకొకటి వస్తుంది," అన్నాను.

ఆమె నా ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ మాట నా నోట ఆమె ఎప్పుడూ విని ఉండదు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని, దీపం నా చేతి మీదికి వంచింది.